సగం రింగు రోడ్డు

ముందే చెబుతున్నాను, ఇది చదివాక నన్నెవరూ దారి అడగకూడదు. ఒక మనిషిని విమానం ఎక్కించడానికి బయల్దేరి, ఆయనకి సముద్రం చూపించి, పోలీసులకి చూపించి, పెట్టెలతో సహా మళ్ళీ ఇంటికే తెచ్చి దింపిన ఘనుణ్ణి నేను. ఆ మనిషి పరాయివాడైతే ఇంత బాధ ఉండేది కాదు. సాక్షాత్తూ మా వియ్యంకుడు. ఆయన ఎప్పుడెప్పుడు వెళతాడా అని ఆ ఇంట్లో రోజూ కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసినవాణ్ణీ నేనే.

ఇది కరోనా వచ్చిన మొదటి ఏడాది మాట. అప్పటికి నేను డెబ్భై కూడా నిండని కుర్రాణ్ణి. రక్తం ఉడుకు మీద ఉండేది.

మా అమ్మాయి సునీత, అల్లుడు కిరణ్ ఐర్లండులో ఆడమ్స్‌టౌన్ అనే చోట కాపురం పెట్టారు. మనవరాలు పుట్టినప్పుడు ముందు మా ఆవిడ వెళ్ళొచ్చింది, తర్వాత వియ్యపురాలు వెళ్ళొచ్చింది. ఆడవాళ్ళ డ్యూటీలు అయ్యాక మొదటి పుట్టినరోజుకని తాతలిద్దరికీ ఒకేసారి టిక్కెట్లు పంపారు. ఒకే ఇంట్లో ఇద్దరు వియ్యంకుల్ని దింపడం ఎవరి తెలివో ఇప్పటికీ తేలలేదు. అమ్మాయి అల్లుడంటుంది, అల్లుడు అమ్మాయంటాడు. కేకు కోశాం. ఆ కేకు ఫ్రిజ్‌లో ఉండగానే దేశానికి తాళం పడింది. విమానాలు ఆగిపోయాయి. ఇంటి చుట్టూ కొద్ది కిలోమీటర్లు దాటితే గార్డులు ఆపుతారన్నారు. అక్కడ పోలీసుల్ని గార్డులంటారు. మొదట్లో నేను రైలు గార్డులేమో, రైళ్ళు లేక వీళ్ళని రోడ్డు మీద నిలబెట్టారేమో అనుకున్నాను.

అలా ఒక మూడు గదుల ఇంట్లో నేనూ, వియ్యంకుడు విశ్వనాథంగారూ ఇరుక్కుపోయాం.

ఆయన సంగతి చెప్పాలి. హైస్కూల్లో భూగోళం చెప్పి రిటైరయ్యారు. తెల్లటి లాల్చీ, నెమ్మదైన మాట, నవ్వితే పళ్ళు కనపడవు. నేనేమో బోర్డు పెయింటర్ని. తణుకు నుంచి నిడదవోలు దాకా కిళ్ళీకొట్టు మొదలు కల్యాణమండపం దాకా సగం బోర్డులు నా కుంచెవే. నేను బడికి వెళ్ళింది ఒకటే పనికి, గోడ మీద బడి పేరు రాయడానికి. తెలుగు అక్షరాలు సినిమా వాల్‌పోస్టర్ల మీద నేర్చుకున్నాను, ఇంగ్లీషు మందుల షాపుల బోర్డులు రాస్తూ నేర్చుకున్నాను. పెళ్ళిచూపులనాడు విశ్వనాథంగారు కాఫీ గ్లాసు పట్టుకుని, "మీరు ఎంతవరకు చదువుకున్నారు బావగారూ?" అని అడిగారు. మామూలుగానే అడిగారు, ఒప్పుకుంటాను. కాని ఆ గ్లాసు రంగు, ఆ ఫ్యాను చప్పుడు, ఆ ప్రశ్నకి మా తమ్ముడు దగ్గిన దగ్గు నాకింకా గుర్తున్నాయి. మనిషికి జ్ఞాపకశక్తి ఉన్నది ఎందుకు మరి.

సరే, ఇద్దరం చేరాం. పిల్ల పేరు మైత్రి. అప్పుడప్పుడే అడుగులు వేస్తోంది. 'అమ్మ' అంటుంది, 'నాన' అంటుంది. 'తాత' అనలేదు. ఇక్కడ మీరు జాగ్రత్తగా వినాలి, ఎందుకంటే ఈ కథకంతటికీ మూలం అదే. ఇద్దరు తాతలున్న ఇంట్లో మొదటిసారి 'తాత' అన్నప్పుడు పిల్ల ఎవరి మొహం చూస్తుంది? ఆ ముచ్చట ఎవరికి దక్కుతుంది?   పొద్దున్నే పిల్ల లేచిన చప్పుడైతే ఇద్దరం పోలింగు బూతు దగ్గర ఏజెంట్లలాగా గది బయట నిలబడేవాళ్ళం.

"మీరు వెళ్ళండి బావగారూ" అనేవాడు ఆయన.

"అబ్బే, పెద్దవారు, మీరు వెళ్ళండి" అనేవాణ్ణి నేను.

ఇలా మర్యాదలు చేసుకుంటూ ఉండగా మా అమ్మాయి మధ్యలోంచి దూరి పిల్లని ఎత్తుకుపోయేది.

ఈ పోటీలో ఆయన నన్ను దెబ్బకొట్టింది ఎలాగో తెలుసా? రోడ్డుతో. ఎక్కడికీ వెళ్ళడానికి లేదు కదా, ఆయన ఇంటర్నెట్టు చూసి ఒక పెద్ద కాగితం మీద డబ్లిన్ చుట్టూ పోయే ఎం-ఫిఫ్టీ అనే మోటార్‌వే పటం గీశాడు. ఎగ్జిట్లన్నీ వరసగా, రంగుపెన్సిళ్ళతో. దాన్ని వంటగదిలో ప్రెస్ తలుపుకి అంటించాడు. ప్రెస్ అంటే ఇస్త్రీ కాదు, అక్కడ అల్మరాని అలా అంటారు. పిల్లని చంకనేసుకుని, ఎగ్జిట్ల పేర్లు పైనుంచి కిందకి జోలపాటలాగా పాడేవాడు.

"పోర్ట్ టన్నెలూ, ఎయిర్‌పోర్టూ, బాలీమన్నూ, ఫింగ్లసూ, బ్లాంచర్డ్స్‌టౌనూ, లూకనూ, రెడ్ కౌవూ, బాలీమౌంటూ, టాలా, ఫర్‌హౌసూ, శాండీఫోర్డూ, చెర్రీవుడ్డూ, బ్రే..."

బ్రే అనేటప్పటికి పిల్ల కళ్ళు మూతలు పడేవి. పడకపోతే ఆపకుండా మళ్ళీ 'పోర్ట్ టన్నెలూ' అని ఎత్తుకునేవాడు. మా అమ్మాయి చప్పట్లు కొట్టేది. "మావయ్యగారు హ్యూమన్ జీపీఎస్" అనేది. కన్నకూతురు. దాని మొదటి పలక మీద 'అ' నేను రాసిచ్చానండీ, ఎనామిల్ రంగుతో, చెరగకుండా.

నేను మాత్రం చేతులు ముడుచుకుని కూర్చుంటానా? ఒక మధ్యాహ్నం పిల్లని ఒళ్ళో వేసుకుని నేనూ నా రోడ్డు విద్య ఎత్తుకున్నాను. "ఇచ్చట ప్రకటనలు అతికించరాదూ... ఇచ్చట మూత్రము పోయరాదూ... హారన్ కొట్టుమూ... అప్పు రేపూ..." నా కుంచె కింద ఎన్నివేలసార్లు నడిచిన మాటలు అవి. పిల్ల కాసేపు నా నోటివంక చూసి గుక్కపట్టింది.

అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "నాన్నా, దాన్ని తిడుతున్నావా?"

"బోర్డులు చదువుతున్నానే."

"అలాంటి బోర్డులా?"

"అవే నీకు చదువు చెప్పించాయి."

విశ్వనాథంగారు గుమ్మంలోకి వచ్చి చేతులు చాపాడు. పిల్ల నా ఒళ్ళోంచి ఆయన మీదకి దూకింది. "పోర్ట్ టన్నెలూ..." అనగానే ఏడుపు కుళాయి కట్టేసినట్టు ఆగింది. ఆ రోజునుంచి నేను ఆ ప్రెస్ తలుపువైపు కన్నెత్తి చూడలేదు. చక్కెర కావాలన్నా మొహం పక్కకి తిప్పి తడుముకుని తీసుకునేవాణ్ణి. ఒకసారి చక్కెర అనుకుని ఉప్పు తీసి టీ తాగాను. తాగి, బాగుందన్నాను.

ఇంతలో నాకూ ఒక రోజు వచ్చింది. అల్లుడి ఆఫీసు శాండీఫోర్డులో ఉంది. కారు కొత్తగా కొన్నాడు, అదీ దేశానికి తాళం పడేముందే. అంతవరకూ రైళ్ళలో తిరిగినవాడు, దారులు తెలీవు. ఆఫీసునుంచి కంప్యూటరు తెర తెచ్చుకోవడానికి అనుమతి ఉత్తరం ఇచ్చారు. "తెర పట్టుకోవడానికి ఒకరు కావాలి" అన్నాడు. విశ్వనాథంగారు అప్పుడు సంధ్యావందనంలో ఉన్నారు. నేను చెప్పులేసుకుని కారు పక్కన నిలబడ్డాను.

అబ్బ, ఆ బోర్డులు చూడాలండీ. నీలంరంగు మీద తెల్ల అక్షరాలు. పైన వాళ్ళ భాష, వంగిన అక్షరాల్లో, కింద ఇంగ్లీషు, నిటారుగా. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం కొలిచి పోసినట్టుంది. నాకు వాటిమీద కూడా అసూయ పుట్టింది. ఒక్క చోట రంగు కారిన మరక లేదు. ఒక్క బోర్డు మీద పెళ్ళి శుభాకాంక్షలు అంటించలేదు. నా బోర్డు ఒక్కటైనా అంత కాలం శుభ్రంగా బతికిందా? ఎగ్జిట్ వచ్చేముందు ఒక బోర్డు చెబుతుంది, దగ్గరికొచ్చాక ఇంకోటి చెబుతుంది, తీరా మలుపు దగ్గర మూడోది చెబుతుంది. పెళ్ళికి పిలిచినట్టు మూడుసార్లు పిలుస్తారు.

లూకన్ నుంచి రెడ్ కౌ మీదుగా శాండీఫోర్డు వరకు, పోతూ వస్తూ, బోర్డులన్నీ నోటికి పట్టాను. ఇంటికొచ్చాక అన్నం తింటూ అందరి ముందూ అన్నాను. "బావగారూ, మీరు రోడ్డుని కాగితం మీద చూశారు. నేను రోడ్డు మీదే చూశాను."

"అదృష్టవంతులు బావగారూ" అన్నాడాయన. ఆ నెమ్మదితనమే నాకు ఒళ్ళు మంట.

"రింగు రోడ్డు అంటే అలా ఉండాలి. మా హైదరాబాదు రింగు రోడ్డు కూడా చూశాను. మా మేనల్లుడు ఎగ్జిట్ తప్పిపోతే పూర్తిగా చుట్టు తిప్పి మళ్ళీ అక్కడికే తెచ్చాడు. రింగు రోడ్డులో దారి తప్పడమనేది ఉండదు. కాస్త ఆలస్యం, అంతే."

ఆయన అన్నంలో చారు పోసుకుని కలుపుకున్నాడు. ఏదో అనబోయి, "మీరన్నాక అంతే బావగారూ" అన్నాడు.

గుర్తుపెట్టుకోండి ఆ మాట.

ఎండాకాలం మొదలయ్యేసరికి మనవాళ్ళని ఇళ్ళకి చేర్చడానికి ప్రత్యేక విమానాలు వేశారు. పేరు ఇచ్చినవాళ్ళకి వరసలో సీట్లు. మా ఇద్దరి పేర్లూ ఇచ్చాం. మొదటి సీటు విశ్వనాథంగారికి వచ్చింది. నేను ఆ వార్త విని, "అయ్యో, అప్పుడేనా" అని, బాత్రూములోకి వెళ్ళి అద్దంలో నన్ను నేను చూసుకుని నవ్వుకున్నాను. ఆ సాయంత్రం ఆయన పెట్టె నేనే సర్దాను. ఆయన లాల్చీలు నేనే మడతపెట్టాను. మా అమ్మాయి చూసి, "నాన్నా, నీకు మావయ్యగారంటే ఇంత ప్రేమని నాకు తెలీదు" అని కళ్ళు తుడుచుకుంది.

బయల్దేరే రోజు పొద్దున పిల్ల ఆయన మొహంవంక చూసి, 'త' అన్నది. ఒట్టి 'త'. దీర్ఘం లేదు, రెండో అక్షరం లేదు. నేను ఆయన్ని తొందరపెట్టాను. "బయల్దేరదాం బావగారూ, విమానం ఆగదు."

కారు దగ్గర సీట్ల గొడవ. ఆయన ప్రయాణికుడు, ఆయనే ముందు కూర్చోవాలి. కాని ఆయన తలుపు తీసి నిలబడి, "మీరు కూర్చోండి బావగారూ. దారి చూసినవారు మీరు" అన్నాడు. ఇంకొకరైతే అది మర్యాద అనుకుంటారు. నేను నా విద్యకి దొరికిన గౌరవం అనుకున్నాను. ఎక్కి కూర్చుని, బెల్టు పెట్టుకుని, మాస్కు సర్దుకున్నాను. అల్లుడు ఫోనులో దారి పెట్టుకున్నాడు. అందులోంచి ఒక అమ్మాయి మాట్లాడుతూ ఉంది.

లూకన్ దాటుతుండగా గార్డులు ఆపారు. అల్లుడు ఫోనులో టిక్కెట్టు చూపించాడు. గార్డు వంగి నన్ను చూసి, "ఈయనెవరు?" అన్నాడు.

"మా మావయ్యగారు. సామాన్లకి సాయం" అన్నాడు అల్లుడు.

సామాన్లకట. ముందు సీట్లో కూర్చున్నవాణ్ణి. గార్డు "గ్రాండ్" అని చెయ్యి ఊపాడు. అక్కడ అన్నిటికీ గ్రాండ్ అనే అంటారు, అందులో ఏమీ గొప్పతనం లేదని తర్వాత తెలిసింది. అల్లుడు ఫోను నా చేతికిచ్చి, "మావయ్యగారూ, మ్యాప్ మళ్ళీ పెట్టండి, పోయింది" అన్నాడు.

నేను దాన్ని బోర్లించి తొడమీద పెట్టుకున్నాను. "దీంతో పనేముంది అల్లుడుగారూ, నేను లేనా?"

అంతలో ఎం-ఫిఫ్టీ మీదకి ఎక్కే చోటు వచ్చింది. రోడ్డు చీలుతుంది. ఉత్తరానికి ఒకటి, దక్షిణానికి ఒకటి. ఉత్తరం బోర్డు మీద విమానం బొమ్మ కూడా ఉంది, నేను గుడ్డివాణ్ణి కాదు. కాని నా మనసులో ఏమి తిరుగుతోందో వినండి. ఉత్తరం నేను చూడని దారి. అటు వెళితే నేను నోరు మూసుకుని కూర్చోవాలి, వెనక సీట్లోంచి ఆయన "బ్లాంచర్డ్స్‌టౌనూ, ఫింగ్లసూ" అని పాడతాడు. ఆఖరి ప్రయాణంలో కూడా ఆయనదే పైచెయ్యి అవుతుంది. దక్షిణం నా దారి. ఒక్కో బోర్డు రాకముందే నేను చెప్పగలను. ఇక చివర సంగతి అంటారా, జోలపాట విన్నాను కదా గోడవతలనుంచి, బ్రే తర్వాత పోర్ట్ టన్నెల్, దాని పక్కనే ఎయిర్‌పోర్టు. పాట గుండ్రంగా తిరుగుతోందంటే రోడ్డు గుండ్రంగా ఉన్నట్టే కదా?

"దక్షిణానికి పోనివ్వండి" అన్నాను.

అల్లుడు ఖంగు తిన్నాడు. "ఎయిర్‌పోర్టు ఇటు కదా మావయ్యగారూ?"

"ఇటు గార్డులు బారులు తీర్చి ఆపుతున్నారట. అటు మనం వెళ్ళొచ్చిన దారి. రింగు రోడ్డే కదా, ఎటు తిరిగినా చేరేది అక్కడికే."

అల్లుడు అద్దంలో వాళ్ళ నాన్నవంక చూశాడు. "నాన్నగారూ, మీరేమంటారు?"

వెనకనుంచి నెమ్మదిగా జవాబు వచ్చింది. "బావగారు చెప్పాక నేననేదేముందిరా."

చూశారా, కారులో ముగ్గురం ఉన్నాం. మామగారి మాట కాదనకూడదని అల్లుడు తిప్పాడు. వియ్యంకుడి మాట కాదనకూడదని వియ్యంకుడు ఊరుకున్నాడు. నా మాట నేనే కాదనుకోవడం బాగుండదని నేనూ ఊరుకున్నాను. మన ఇళ్ళలో తప్ప ఇంకెక్కడా ఇంత మర్యాదగా దారి తప్పరు.

మొదట్లో నా వైభవం చూడాలి. "ఇప్పుడు రెడ్ కౌ వస్తుంది" అంటే రెడ్ కౌ వచ్చింది. "బాలీమౌంట్" అంటే బాలీమౌంట్ వచ్చింది. రోడ్డు ఖాళీ, ఊరంతా ఇళ్ళల్లో ఉంది. బోర్డులు నా కోసమే రాసినట్టు ఒకటి తర్వాత ఒకటి వచ్చి దణ్ణం పెట్టి పోతున్నాయి. నేను వెనక్కి తిరిగి, "మీ పటంలో ఉందా బావగారూ, ఈ వంతెన?" అన్నాను.

"లేదు బావగారూ. మీరు చూపిస్తే చూస్తున్నాను."

జన్మ తరించింది.

శాండీఫోర్డు దాటింది. అల్లుడు అన్నాడు, "ఇక్కడినుంచి నాకూ తెలీదు మావయ్యగారూ."

నాకూ తెలీదు. ఆ ముక్క పైకి అనలేదు. "పోనివ్వండి" అన్నాను. తొడమీద బోర్లించిన ఫోను వణికింది. తీసి చూస్తే అందులోని అమ్మాయి చెబుతోంది, వెనక్కి తిరగమని. మా అల్లుడి ఫోను తనంతట తనే మళ్ళీ దారి మొదలుపెట్టింది. నేను దాని గొంతు నొక్కేశాను.

చెర్రీవుడ్ వచ్చింది. దాని తర్వాత రోడ్డు పేరే మారిపోయింది. బోర్డు మీద ఎం-ఫిఫ్టీ లేదు, ఎం-లెవెన్ ఉంది.  రింగు రోడ్డు పేరు మధ్యలో ఎందుకు మారుతుంది? రింగుకి మధ్యేమిటి, చివరేమిటి?

"మావయ్యగారూ..." అన్నాడు అల్లుడు.

"పర్లేదు. మలుపు దగ్గర పేరు మారుస్తారు."

"బ్రే వచ్చింది" అన్నాడు వెనకనుంచి విశ్వనాథంగారు, జోలపాట రాగంలో.

నేను సీటు అంచుకి జరిగాను. ఇప్పుడు పోర్ట్ టన్నెల్ రావాలి. కళ్ళు చికిలించి చూశాను. చెట్ల సందుల్లో ఎడమపక్క నీలంగా ఏదో మెరిసింది. బోర్డు కాదు. అంత పెద్ద బోర్డు ఎవరూ కట్టరు. సముద్రం.

ఎడంపక్క సముద్రం, కుడిపక్క కొండలు, ఎదురుగా 'వెక్స్‌ఫర్డ్' అని బోర్డు. రోడ్డు తిరగడం లేదు. తిన్నగా, నిబ్బరంగా, దేశం అడుగుభాగానికి పోతోంది.

"చాలా బాగుంది బావగారూ" అన్నాడు ఆయన. "ఇన్ని నెలలయింది, సముద్రం చూడనే లేదు."

అప్పుడు అల్లుడు మొదటిసారిగా నన్ను కాదన్నాడు. చెయ్యి చాపి నా తొడమీది ఫోను తీసుకున్నాడు. మోటార్‌వే మీద ఎక్కడపడితే అక్కడ తిరగనివ్వరు, తర్వాతి ఎగ్జిట్ దాకా పోవాల్సిందే.  ఆ ఎగ్జిట్ వచ్చేవరకు ఫోనులో అమ్మాయి ఒక్కతే మాట్లాడింది, విజయగర్వంతో.

తిరిగి ఉత్తరానికి వస్తుంటే బ్రే దగ్గర మళ్ళీ గార్డులు. ఆ రోజు ఎండ కాసింది. ఐర్లండులో ఎండ కాస్తే జనం సముద్రానికి పారిపోతారట, వాళ్ళని పట్టుకోవడానికి బారులు తీరి ఉన్నారు. ఉత్తరాన ఉన్నారని నేను కల్పించిన బారు ఇక్కడ నిజంగా ఉంది. చాలాసేపటికి మా వంతు వచ్చింది. ఒక గార్డమ్మ వంగి చూసింది.

"ఎక్కడికి?"

"ఎయిర్‌పోర్టుకి" అన్నాడు అల్లుడు.

"ఎక్కడినుంచి?"

"ఆడమ్స్‌టౌన్ నుంచి."

ఆమె రోడ్డు ఈ చివరా ఆ చివరా చూసింది. టిక్కెట్టు చూసింది. వెనక పెట్టెలు చూసింది. "ఆడమ్స్‌టౌన్ నుంచి ఎయిర్‌పోర్టుకి బ్రే మీదుగానా?"

"మా మావయ్యగారు రింగు రోడ్డు అనుకున్నారు" అన్నాడు అల్లుడు. ఇన్నాళ్ళ మర్యాద ఆ ఒక్క వాక్యంలో ఖర్చుపెట్టేశాడు.

ఆమె నావంక చూసింది. నేను కిటికీ దించి నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను, రింగు అనేది గుండ్రంగా ఉండాలని, సగంలో ఆపేస్తే అది ప్రజల్ని మోసం చేసినట్టని, మా దేశంలో అయితే పూర్తిగా కలుపుతామని.

"అక్కడ సముద్రం ఉంది సార్" అన్నది ఆమె.

"ముందే బోర్డు పెట్టాలి" అన్నాను. "'ఈ రింగు సగమే' అని. నన్నడిగితే నేనే రాసిస్తాను."

ఆమె మాస్కు కింద ఏం చేసిందో నాకు తెలీదు, కళ్ళు మాత్రం చిన్నవయ్యాయి. "గ్రాండ్" అని పంపేసింది.

ఎయిర్‌పోర్టు చేరేసరికి కౌంటరు మూసేశారు. అద్దాల అవతల విమానం కనపడుతూనే ఉంది. అల్లుడు బతిమాలాడు, నేనూ బతిమాలాను. అంతమంది పోలీసులకి చెప్పుకున్నవాణ్ణి, నాకు అలవాటైపోయింది. విశ్వనాథంగారు మాత్రం పెట్టె మీద చెయ్యి వేసుకుని నిలబడి, "పోనీలెండి బావగారూ, మీరు కావాలని చేశారా" అన్నారు. ఆ మాటకన్నా చెప్పు తీసి కొట్టినా బాగుండేది.

ఇల్లు చేరాం. ఈసారి దారి ఫోను చెప్పింది. గుమ్మంలో మా అమ్మాయి పిల్లని ఎత్తుకుని నిలబడింది. పొద్దున వెళ్ళిపోయిన మనిషి పెట్టెతో సహా తిరిగి రావడం చూసి పిల్ల మొహం విచ్చుకుంది. రెండు చేతులూ చాపింది. స్పష్టంగా, దీర్ఘంతో, రెండక్షరాలతో అన్నది.

"తాత."

ఆయనవంకే చూసి. నేను పక్కనే ఉన్నాను, ఆయన చేతిసంచీ పట్టుకుని.

ఆ సాయంత్రం వంటగదిలో ఇద్దరమే టీ తాగుతూ కూర్చున్నాం. చాలాకాలం తర్వాత ఆ ప్రెస్ తలుపు మీది పటం వంక చూశాను. ఎం-ఫిఫ్టీ అర్ధచంద్రాకారంలో ఉంది. తూర్పువైపంతా ఆయన నీలం పెన్సిలుతో ఎంతో ఓపికగా సముద్రం నింపాడు. చిన్నచిన్న అలలు కూడా గీశాడు.

"బావగారూ," అన్నాను, "రోడ్డు రింగు కాదని మీకు ముందే తెలుసా?"

"భూగోళం మాస్టర్ని కదండీ."

"మరి ఆ చీలిక దగ్గరే ఒక్క మాట అనకూడదూ?"

"మర్యాద కాదు కదా బావగారూ. మీరు ముందు సీట్లో ఉన్నారు." టీ ఒక గుక్క తాగాడు. గ్లాసులోకి చూస్తూ, పళ్ళు కనపడకుండా నవ్వాడు. "పైగా పొద్దున 'త' అని వదిలేసింది. రెండో అక్షరం వినకుండా ఎలా వెళతాను?"

నా టీలో ఆ రోజు చక్కెరే వేసుకున్నాను. అయినా ఉప్పగానే ఉంది.

మళ్ళీ విమానాలు వేసినప్పుడు వరసలో వచ్చిన సీటు నాది. ఆయన పేరు, ఒకసారి తప్పిపోయింది కాబట్టి, చిట్టచివరికి పోయింది. నా పెట్టె ఆయన సర్దాడు. నా లుంగీలు ఆయన మడతపెట్టాడు, ఇస్త్రీ పోకుండా. బయల్దేరే రోజున మా అమ్మాయికి ఆఫీసు మీటింగు ఉందని పిల్లని కూడా కారులోనే వేశారు. ఈసారి సీట్ల దగ్గర గొడవ లేదు. నేనే వెనక తలుపు తీసుకుని పిల్ల పక్కన కూర్చున్నాను. ఆయన ముందు కూర్చున్నాడు.

లూకన్ దాటాం. ఆ చీలిక వచ్చింది. అల్లుడు అడగను కూడా అడగలేదు. "ఉత్తరం" అన్నాడు విశ్వనాథంగారు.

బ్లాంచర్డ్స్‌టౌన్ వచ్చింది. ఫింగ్లస్ వచ్చింది. ఆయన ముందే చెబుతున్నాడు, బోర్డు వెనకే వస్తోంది. నేను జీవితంలో మొదటిసారి ఒక మనిషి దారి తప్పాలని మొక్కుకున్నాను. ఒక్క ఎగ్జిట్ తప్పితే చాలు. గార్డులు ఆపాలని మొక్కాను, రోడ్డు మీద ఎవ్వరూ లేరు. వాన పడాలని మొక్కాను, ఐర్లండులో ఆ రోజు ఒక్క చుక్క పడలేదు. బాలీమన్ కూడా వచ్చి వెళ్ళిపోయింది. విమానం బొమ్మ బోర్డు మెరుస్తూ ఎదురొచ్చింది, అక్షరాల మధ్య ఎడం చక్కగా ఉంది.

అంత తొందరగా చేరాం. కౌంటరు ఇంకా తెరవలేదు. నేల తుడిచేవాడొక్కడే ఉన్నాడు. ఆయన ఒక్క ఎగ్జిట్ కూడా తప్పలేదు.

లోపలికి వెళుతూ వెనక్కి తిరిగి చెయ్యి ఊపాను. అద్దాల తలుపు మూసుకుంటుండగా పిల్ల "తాత" అన్నది. నన్నే చూసి అన్నది. మా అల్లుడు మాత్రం ఫోను చేసినప్పుడల్లా, "మావయ్యగారూ, అప్పుడు నాన్నగారు మీ వెనకే మీరు మర్చిపోయిన మాస్కు తెస్తున్నారు కదా" అంటాడు. అతనికేం తెలుసు. పిల్ల చూపు నాకు తెలుసు. బోర్డు ఎటు చూస్తోందో ముప్ఫై అడుగుల నుంచి చెప్పగలిగినవాణ్ణి.

కాబట్టి చదువరులందరి ఎదుటా, నా కుంచెల మీద, రంగు డబ్బాల మీద ఒట్టుపెట్టి చెబుతున్నాను. ఇకమీదట ఏ దేశంలోనూ, ఏ కారులోనూ ముందు సీట్లో కూర్చోను. కూర్చున్నా దారి చెప్పను. చెప్పినా, వియ్యంకుణ్ణి వదిలించుకునే రోజున మాత్రం బోర్డు మీద విమానం బొమ్మ ఎటుంటే అటే చెబుతాను.